పెట్టె ఎంత, కాయలెన్ని? గేమింగ్ మానిటర్ అంకెల వెనకున్న చరిత్ర



కాలేజీలు తెరిస్తే చాలు, మనలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "గేమ్స్ ఆడటానికి ఏ మానిటర్ తీసుకోవాలి? 24 అంగుళాలా, 27 అంగుళాలా? 1080పీనా, 2కేనా, 4కేనా?" మన ఇళ్లలో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి తరం మనమే. ఇంట్లో అడుగుదామంటే చెప్పేవాళ్లు ఉండరు. షాపులో ఏది చూపిస్తే అదే మంచిదనుకుంటాం. స్కాలర్‌షిప్ డబ్బులో, అమ్మానాన్నల కూలి డబ్బులో పెట్టి కొనేటప్పుడు అలా కొనకూడదు. అందుకే ఉంగుటూరు హాస్టల్లో ఉంటున్న మేం ఈ అంకెలు ఎక్కడ పుట్టాయో రాస్తున్నాం. ఆ చరిత్ర తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది.

మేముండేది నూజివీడు మామిడి సీమ. ఇక్కడ పెట్టె ఎంత పెద్దదన్నది ఒక లెక్క, అందులో కాయలెన్ని అన్నది ఇంకో లెక్క. మానిటర్ కూడా అంతే. అంగుళాలంటే పెట్టె సైజు, తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలిచింది. రిజల్యూషన్ అంటే కాయల సంఖ్య, అంటే తెర మీది చుక్కలు. 1920 × 1080 అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. వీటినే పిక్సెల్స్ అంటారు.

మొదట్లో ఈ చుక్కల లెక్కే లేదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే శాస్త్రవేత్త, సందర్శకుల కోసం చిన్న ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆట తయారు చేశాడు. వెలుగు కిరణమే బంతి. తర్వాత 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. దాని సీజీఏ కార్డులో 320 × 200 చుక్కలు, 4 రంగులు. 1987లో వచ్చిన వీజీఏ 640 × 480 దాకా తీసుకెళ్లింది. 1993లో లోకాన్ని ఊపేసిన డూమ్ ఆట మాత్రం 320 × 200 లోనే నడిచింది. అంటే 64,000 చుక్కలు. ఇప్పటి 4కే తెరలో దానికి దాదాపు 130 రెట్లు ఉంటాయి.

2000 తర్వాత మన టౌన్లలో నెట్ సెంటర్లు వచ్చాయి. మన సీనియర్ అన్నలు కౌంటర్ స్ట్రైక్, ప్రాజెక్ట్ ఐజీఐ, వైస్ సిటీ ఆడింది అక్కడే, వెనక్కి లావుగా ఉండే సీఆర్‌టీ మానిటర్ల మీద. ఆ తెరలో ఒక సౌకర్యం ఉండేది. ఎలక్ట్రాన్ కిరణం ఎన్ని గీతలు గీయమంటే అన్ని గీసేది. కంప్యూటర్ పాతదై ఆట ఆగి ఆగి నడిస్తే, సెట్టింగ్స్‌లో 1024 × 768 నుంచి 800 × 600 కి దించుకునేవాళ్లు. బొమ్మ పెద్దగా చెడేది కాదు.

ఆ దశాబ్దంలోనే పల్చటి ఎల్‌సీడీలు సీఆర్‌టీలను తోసేశాయి. కరెంటు తక్కువ, టేబుల్ మీద చోటు తక్కువ. కానీ ఎల్‌సీడీలో చుక్కలు ఫ్యాక్టరీలోనే లెక్కపెట్టి అమరుస్తారు. దాని సొంత రిజల్యూషన్ కంటే తక్కువకి దించితే బొమ్మని సాగదీసి చూపించాలి, దాంతో మసకబారుతుంది. అసలు మలుపు ఇక్కడే ఉంది. అప్పటిదాకా రిజల్యూషన్ ఆటలో మార్చుకునే సెట్టింగు. ఎల్‌సీడీ వచ్చాక అది కొనేటప్పుడే తేల్చుకోవాల్సిన విషయం అయిపోయింది.

1920 × 1080 కంప్యూటర్ల వాళ్లు పెట్టిన లెక్క కాదు, హెచ్‌డీ టీవీ నుంచి వచ్చింది. '2కే' మాట సినిమా వాళ్లది. డిజిటల్ థియేటర్ల కోసం 2005లో రాసుకున్న ప్రమాణంలో 2కే అంటే 2048 × 1080. మానిటర్ల బజారులో మాత్రం 2560 × 1440 ని 2కే అని అమ్ముతున్నారు. అందుకే పేరు చూసి మోసపోకుండా రెండు అంకెలూ అడగాలి.

ఇక గ్రాఫిక్స్ కార్డు సంగతి. ప్రతి చుక్క రంగూ లెక్కగట్టేది అదే. సెకనుకి 60 బొమ్మలు కావాలంటే 1080పీలో 12.4 కోట్ల చుక్కలు, 1440పీలో 22.1 కోట్లు, 4కేలో 49.8 కోట్లు గీయాలి. 4కే అంటే 1080పీకి సరిగ్గా 4 రెట్ల చాకిరీ. చిన్న కార్డు ఉన్న సిస్టమ్‌కి 4కే మానిటర్ తగిలిస్తే ఒంటెద్దుకి నాలుగు బండ్లు కట్టినట్టే. కౌంటర్ స్ట్రైక్ పోటీల్లో ఆడే ప్రొఫెషనల్స్ చాలామంది ఈరోజుకీ 1280 × 960 లోనే ఆడతారు. వాళ్లకి కావాల్సింది అందం కాదు, వేగం. అందుకే తక్కువ డబ్బులో 4కే వెంట పడే బదులు 1080పీ తీసుకుని, 144 హెర్ట్జ్ లాంటి ఎక్కువ రిఫ్రెష్ రేటు చూసుకోవడం మేలు. తెర సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో చెప్పేదే హెర్ట్జ్. అయితే మీ సిస్టమ్ అన్ని ఫ్రేములు ఇవ్వగలిగితేనే దాని లాభం.

ఇప్పుడు పెట్టె సైజు. అవే కాయల్ని పెద్ద పెట్టెలో పోస్తే మధ్యలో సందులు కనబడతాయి. 1080పీని 24 అంగుళాల్లో పెడితే అంగుళానికి సుమారు 92 చుక్కలు. 27 అంగుళాల్లో పెడితే 82 కి పడిపోతుంది. అదే 27 అంగుళాల్లో 1440పీ అయితే 109. హాస్టల్ టేబుల్ దగ్గర తెరకీ కంటికీ మధ్య దూరం రెండడుగులే. ఆ దూరంలో 82 చుక్కల తెర గరుకుగా కనబడుతుంది.

ఇది ఆటకి మించిన విషయం. మనం కొనే తెర ఒక్కటే. రాత్రి ఆట, పగలు చదువు. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ వచ్చాక, పల్లెల్లో పదో తరగతి పాసైన పిల్లలు ల్యాప్‌టాప్ మీద పాఠాలు చదవడం మన చుట్టుపక్కల మామూలైంది. తెలుగు అక్షరానికి గుడి, కొమ్ము, కింద వత్తు, అన్నీ ఉంటాయి. చుక్కలు చాలకపోతే ముందు చెడేది వత్తే. మన లిపులు కూడా తెర మీదకి వస్తున్నాయి. తెలుగుకి 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. సవర భాష రాసే సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరున్న గోండి లిపికి 2018లో దొరికింది. ఇన్నాళ్లకి వచ్చిన ఆ అక్షరాలు మన తెర మీద మసకగా కనబడితే ఏం బాగుంటుంది?

కాబట్టి వరస ఇది. ముందు మీ గ్రాఫిక్స్ కార్డు ఏంటో చూస్కోండి. అది లాగగలిగే రిజల్యూషన్ తేల్చుకోండి. ఆ తర్వాతే సైజు. మామూలు కార్డు, లేదా కార్డే లేని సిస్టమ్ అయితే 1080పీ, 22 నుంచి 24 అంగుళాలు. మంచి కార్డు ఉంటే 1440పీ, 27 అంగుళాలు. పెద్ద కార్డు కొనే స్తోమత ఉంటేనే 4కే, అదీ 27 నుంచి 32 అంగుళాలు. సెకండ్ హ్యాండ్ అయితే ఆన్ చేయించి, తెర మొత్తం తెలుపు, నలుపు పెట్టించి చచ్చిపోయిన చుక్కలు ఉన్నాయేమో చూడండి.

మీ సిస్టమ్ వివరాలు కామెంట్లో పెట్టండి. కొనకముందే అందరం కలిసి లెక్క చూద్దాం.