ఆకాశానికి ఎగబ్రాకిన త్రాడు

శంకరభగవత్పాదుల బ్రహ్మసూత్రభాష్యం మొదటి పాదంలోనే ఒక గారడీవాడు కనబడతాడు. కత్తీ డాలూ ధరించి, సూత్రాన్ని పట్టుకొని ఆకాశానికి ఎక్కిపోతున్నట్లు తోచే మాయావి వేరు, నేలమీదనే నిలిచి ఉన్న అసలు మాయావి వేరు అని అక్కడి తాత్పర్యం. అవిద్యాకల్పితుడైన జీవునికీ పరమేశ్వరునికీ గల భేదాన్ని బోధించడానికి తెచ్చిన దృష్టాంతమిది. ఆచార్యుల పేరనే ఉన్న మాండూక్యకారికాభాష్యంలో ఈ చిత్రం మరింత పెరిగినది. పైకెక్కినవాడు కంటికి కనబడకుండా పోయి, యుద్ధం చేసి, ముక్కలై పడి, మరల లేస్తాడు. దృష్టాంతమన్నది వినేవానికి ముందే తెలిసినదై ఉండాలి. కనుక త్రాటి ముచ్చట ఆనాటికే లోకంలో ఉన్నదనవచ్చు. అయితే దానిని ఎవరో బయట ప్రదర్శించారనడానికి ఇది సాక్ష్యం కాదు. పైగా త్రాటిమీదివాడు లేడన్నదే ఇక్కడి వాదానికి ప్రాణం.

15వ శతాబ్దిలో కొఱవి గోపరాజు తెలుగు చేసిన విక్రమార్కుని సింహాసనపు కథలకు సంస్కృతమూలాలు ఉన్నవి. వాటిలోనూ ఈ ఛాయ ఉన్నది. ఆకాశయుద్ధానికి వెళ్ళిన వీరుని అవయవాలు నేల రాలుతవి. భార్య అగ్నిప్రవేశం చేస్తుంది. అంతలో వీరుడే దిగివచ్చి తన భార్యను అప్పగించమంటాడు. రాజు తెల్లబోయిన తరువాతగాని అదంతా ఇంద్రజాలమని బయటపడదు. పాండ్యరాజు పంపిన కప్పాన్ని విక్రమార్కుడు ఆ ఐంద్రజాలికునికి ఇప్పిస్తాడు. ఆ సన్మానం నేర్పుకు, సిద్ధికి కాదు.

కన్నులారా చూచానన్నవారిలో ముఖ్యుడు 14వ శతాబ్దిలో లోకమంతా తిరిగిన ఇబన్ బటూటా. కాని ఆయన చూచినది భారతదేశంలో కాదు, చైనాలోని హాంగ్‌చౌ నగరంలో. గారడీవాడు పొడవైన తోలుత్రాళ్ళు గల కొయ్యబంతిని పైకి విసిరాడు, అది కనుమరుగైనది. శిష్యుడు త్రాడు పట్టుకొని ఎక్కి మాయమైనాడు. మూడుమార్లు పిలిచినా పలుకకపోతే గురువు కోపంతో కత్తి పట్టుకొని తానూ ఎక్కాడు. చేయి, కాలు, చివరకు తల క్రింద పడినవి. ఆపైన గురువు దిగివచ్చి, ఆ ముక్కలను కూర్చి కాలితో ఒక్క తాపు తన్నితే పిల్లవాడు లేచి నిలుచున్నాడు. చూచిన యాత్రికునికి గుండెదడ పట్టుకొంటే ఏదో పానీయం ఇచ్చి తేర్చవలసివచ్చినది. ప్రక్కనున్న ఖాజీ మాత్రం చలించలేదు. ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు, అంతా గారడీయే అని తేల్చివేశాడు. ఆ ఖాజీ మాటను ఉటంకించినవారు తక్కువ. జహంగీరు ఆత్మకథగా 1829లో ఇంగ్లీషులోకి వచ్చిన పాఠంలో బెంగాలు గారడీవారు గాలిలో నిలిపిన గొలుసుమీదుగా కుక్కను, పులిని పంపుతారు. ఆ పాఠపు ప్రామాణికతే సందేహాస్పదం.

ఇంతవరకు కథగా ఉన్నదానిని వార్తగా మార్చినది అమెరికా. 1890 ఆగస్టు 8న షికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఒక వ్యాసం వచ్చినది. ఇద్దరు యువకులు భారతదేశంలో ఈ విద్యను చూచారట. చిత్రకారుడు గీసిన బొమ్మలో త్రాడూ బాలుడూ ఉన్నారు. కెమెరా తీసిన ఛాయాచిత్రంలో లేరు. కనుక ఫకీరు జనాన్నంతటినీ వశీకరణానికి లోబరిచాడని తీర్మానం. జరుగని సంగతికి శాస్త్రీయ కారణం సిద్ధమైనది! వ్యాసం జాన్ విల్కీ కల్పన. సాక్షి పేరు ఎస్. ఎల్మోర్, ఇంగ్లీషు చెవికి అది ‘సెల్ మోర్’, అనగా ఎక్కువ అమ్ముము. నాలుగు నెలలకు పత్రిక ఒప్పుకొన్నది. అప్పటికే కథ సముద్రాలు దాటినది.

1934లో లండనులోని మాజిక్ సర్కిల్ వారు, ఈ విద్యను బయలులో చేసి చూపినవారికి 500 గినీలిస్తామన్నారు. ఈ విచారణను నడిపిన ఆర్. హెచ్. ఎలియట్ అంతకుముందు మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు అధిపతి. సభకు అధ్యక్షుడు లార్డ్ ఆంప్ట్‌హిల్ పూర్వపు మద్రాసు గవర్నరు. కనికట్టును పరీక్షించడానికి కంటివైద్యుడే పూనుకొనడం చమత్కారమే. బహుమానం ఎవరికీ దక్కలేదు.

మరి చూచామని ప్రమాణం చేసిన పెద్దమనుషుల మాటేమిటి? వారందరూ అబద్ధాలాడారనుకోనక్కరలేదు. 1996లో రిచర్డ్ వైజ్‌మన్, పీటర్ లామాంట్ వారి సాక్ష్యాలను పోల్చి, చూచిన నాటికీ చెప్పిన నాటికీ ఎడం పెరిగినకొద్దీ అద్భుతమూ పెరిగినట్లు గమనించారు. వెదురుగడ కొనపై నిలిచిన పిల్లవాడు ఏండ్లు గడిచేసరికి త్రాటిమీదుగా మబ్బులలో కలిసిపోయి ఉండవచ్చు. గడవిద్య తెలుగు పల్లెలకు దొమ్మరాటగా చిరపరిచితమే. గడమీద ఆడే గడసాని నిజంగా ఎక్కుతుంది. పట్టు తప్పితే నిజంగా పడుతుంది. ఆమెకు గినీలిస్తామని లండనులో ఎవరూ సభ చేయలేదు.