నొప్పిని నిద్రపుచ్చిన నగరం

హైదరాబాద్‌ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ చౌరస్తా, అక్కణ్ణించి నారాయణగూడ వైపు పోయే గల్లీలు. ఈ కాస్త మేరలోనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు కిక్కిరిసి ఉంటాయి. గ్రూప్స్‌కి, సివిల్స్‌కి, ఎస్సై పరీక్షకి చదివేవాళ్లు జిల్లాల నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోతారు. డిగ్రీ చేతికొచ్చాక వచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి ఈ పేట వయసే ఇరవైల్లో ఉంటుంది. జ్ఞానదంతాలు బయటికి రావాలని చూసేది కూడా 17 నుంచి 25 ఏళ్ల మధ్యే. దవడలో చోటు చాలక సగంలో ఇరుక్కున్న పన్ను ఏ పరీక్ష ముందో పోటెత్తితే ఇక్కడివాళ్లు చేసేది దాదాపు ఒకటే: ఏదో ఒక మందుతో నొప్పిని అణచి, పన్ను సంగతి పరీక్ష తర్వాతికి వాయిదా వేయడం. దీన్ని కుర్రకారు నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం అన్యాయం. దీని వెనక పాత చరిత్ర ఉంది. నొప్పిని అణచడంలో హైదరాబాద్ లోకానికే పాఠం చెప్పాలని చూసిన ఊరు. ఆ నొప్పి ఎక్కణ్ణించి వచ్చిందో తేల్చుకునే అలవాటు మాత్రం అంత త్వరగా మన ఇళ్లలోకి రాలేదు.

నొప్పికి కారణం మనవాళ్లకు తెలియకనా అంటే, కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో ముఖరోగాలకు ఒక అధ్యాయం ఉంది. అందులో రెండు వ్యాధులను విడివిడిగా చెప్పారు. మొదటిది వర్ధనం: అదనపు పన్ను తీవ్రమైన నొప్పితో మొలుస్తుంది, మొలిచాక నొప్పి శాంతిస్తుంది. రెండోది అధిమాంసం: దవడ చివరి పన్ను దగ్గర పెద్ద వాపు, భరించలేని నొప్పి, నోట్లో చొల్లు ఊరడం. చికిత్సాస్థానంలో ఈ అధిమాంసాన్ని కోసి తీసి, వస, పాఠా, యవక్షారం వంటి వాటి చూర్ణం తేనెతో పెట్టమన్నారు. పటోలం, త్రిఫల, వేప కషాయంతో కడగమన్నారు. నేటి పరిభాషను పాత గ్రంథం మీద రుద్దుతున్నారని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ హెచ్చరిక మంచిదే. సుశ్రుతుడికి ఎక్స్‌రే లేదు, ఎముకలో అడ్డంగా పడుకున్న పన్నును ఆయన చూసి ఉండడు. అయినా వాపు ఉన్న చోటు చివరి పన్ను అని తేల్చి చెప్పడం, ఔషధం కన్నా ముందు శస్త్రాన్ని చెప్పడం కాకతాళీయం అనుకోలేం. ఇరుక్కున్న జ్ఞానదంతం మీద చిగురు కప్పుకుని వాచినప్పుడు ఈనాటి దంతవైద్యుడు చూసేదీ అదే చోటును. ఇక్కడ అసలు విషయం ఆ రెండు వ్యాధులకూ మధ్య గీసిన గీత. వచ్చేసి శాంతించే పన్ను వేరు, రాలేక చిగురును వాపించే పన్ను వేరు. జనం నోట్లో మిగిలింది మొదటి సగమే: పన్ను వచ్చేటప్పుడు నొప్పి మామూలే, వచ్చాక అదే పోతుంది.

ఇక హైదరాబాద్ సొంత కథ. 1844 డిసెంబరులో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన జ్ఞానదంతాన్నే తోటి వైద్యుడి చేత తీయించుకున్నాడు. మత్తు చరిత్రలో పెద్ద మలుపు అది. తర్వాత కొద్ది ఏళ్లకే క్లోరోఫారం వచ్చింది, దానితోపాటు ఆపరేషన్ బల్లల మీద, పళ్లు తీసే కుర్చీల్లో హఠాన్మరణాలూ వచ్చాయి. మరణం గుండె ఆగి వస్తోందా, ఊపిరి ఆగి వస్తోందా అన్న తగవు తీర్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో హైదరాబాద్‌లో రెండు క్లోరోఫారం కమిషన్లు నడిపాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తే, లాన్సెట్ పత్రిక వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను లండన్ నుంచి ఇక్కడికి పంపింది. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని, శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలునని తేల్చారు. ఈ నగరంలోనే వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారం ఇవ్వడంలో దిట్ట అయ్యారు. మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఆమె పేరు చెబుతారు. లారీ తీర్పు పూర్తిగా నిలవలేదు: తక్కువ మోతాదు క్లోరోఫారం గుండె లయనే చెడగొట్టగలదని 1911లో లీవీ అనే పరిశోధకుడు చూపించాడు. ఆ కమిషన్లు పళ్ల కోసం పెట్టినవి కావు, నిజమే. కానీ బాధ లేకుండా చేయడాన్ని రాజ్యమే తన పనిగా నెత్తికెత్తుకున్న నగరం ఇది అన్నదానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇళ్లలో ఆ పని చేసింది వేరే సీసా. 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ కార్ఖానా నారాయణగూడకు దగ్గర్లోనే, అంబర్‌పేటలో ఉంది. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, థైమాల్, రంగు కోసం రతన్‌జోత్ కలిపిన ఆ ఎర్రటి ద్రవం జలుబు నుంచి పంటినొప్పి దాకా అన్నింటికీ ఇంటి మందయింది. దూదికి రెండు చుక్కలు అంటించి చివరి పన్ను దగ్గర ఒత్తిపెడితే ముందు భగ్గుమంటుంది, తర్వాత చల్లబడుతుంది, కాసేపటికి ఆ పక్క ఏమీ తెలియదు. లవంగ నూనెలోని యూజినాల్ చేసేదీ ఇదే. ఇవి బూటకపు మందులు కావు, నరాల కొసలను నిజంగానే మొద్దుబారుస్తాయి. కానీ చిగురు మడత కింద ఏముందో చూడండి. పన్ను ఒక మూల మాత్రమే పైకి తేలి ఉంటుంది, మిగతా దాని మీద చిగురు మూతలా పరుచుకుని ఉంటుంది. ఆ సందులోకి అన్నం మెతుకు పోతుంది, బ్రష్ పోదు. గాలి తగలని ఆ చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. చిగురు ఉబ్బుతుంది, ఉబ్బిన చిగురును పైపన్ను నమలడంతో మరింత గాయమవుతుంది. దూది ఈ సందు దాకా చేరదు. నాలుగు రోజులకు చీము తనంతట తాను కారిపోతే వాపు తీస్తుంది, ఆ పేరు మాత్రం దూదికి వస్తుంది. కొన్ని వారాలకు నొప్పి మళ్లీ వస్తుంది. ఇప్పుడు ఆ దూది స్థానంలోకి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి బిళ్లలు, యాంటీబయాటిక్‌లు వచ్చాయి, అంతే తేడా.

పన్ను పీకించుకోవడమంటే ఉన్న భయానికీ చరిత్రలో ఆధారం ఉంది. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కంటికి పోయే దృష్టినాడికీ పంటి నరానికీ సంబంధం లేదు. అయినా పాతవాళ్ల భయాన్ని తప్పుపట్టలేను. దేశంలో దంతవైద్యుల చట్టం వచ్చిందే 1948లో. అప్పటికి అయిదేళ్లుగా వృత్తిలో ఉన్నవాళ్లను గుర్తింపు పొందిన చదువు లేకున్నా రిజిస్టరులో బి భాగం కింద చేర్చుకునే వీలు అందులో పెట్టారు. అంటే అనుభవమే చదువైన చేతులే చాలాచోట్ల పళ్లు తీసేవి. నేడు వాడే లిడోకెయిన్ మత్తు ఇంజెక్షన్ మార్కెట్లోకి వచ్చింది కూడా 1948లోనే. అంతకు ముందు తరాలు చూసినదాన్ని బట్టి భయపడ్డాయి.

తాతల కాలంలో ఈ బాధే లేదు, ఇదంతా డాక్టర్ల వ్యాపారం అనేవాళ్లూ ఉన్నారు. ఇందులో మొదటి మాటలో కొంత నిజముంది: గట్టి తిండి బాగా నమిలి పెరిగిన దవడలు వెడల్పుగా పెరుగుతాయని, మెత్తటి తిండి వచ్చాక చోటు తగ్గిందని పరిశోధకులు చెబుతున్నారు. అయితే పూర్వం అసలే లేకపోతే అధిమాంసాన్ని వర్ణించాల్సిన పనే ఉండేది కాదు. రెండో మాటనూ తోసిపుచ్చక్కర్లేదు. ఇరుక్కున్నా ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2000లోనే సూచించింది. కాబట్టి ఎక్స్‌రేలో పన్ను వంకరగా కనిపించినంత మాత్రాన పీకించుకోనక్కర్లేదు. చిగురు మళ్లీమళ్లీ వాచినా, పక్క పన్ను పుచ్చినా, తిత్తి పెరిగినా అప్పుడు తీయాలి. ఇక పన్ను వాలిన కోణాన్ని బట్టి దంతవైద్యుడు జార్జ్ వింటర్ 1926లో వర్గీకరణ చేశాడు. రెండు దవడలూ ఒకే పటంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రేను ఫిన్లాండ్‌లో పాటెరో తర్వాత రూపొందించాడు. కింది దవడ నరం పన్ను వేరుకు ఎంత దగ్గరగా పోతోందో చూడకుండా తీస్తే పెదవికి తిమ్మిరి మిగిలే ప్రమాదం ఉంది.

కుక్క కరిస్తే ఎక్కడికి పోవాలో ఈ పేటలో ఎవర్నడిగినా నారాయణగూడ ఐపీఎం అని చెబుతారు. పంటికి అలాంటి చిరునామా జనం నోట నానలేదు. ఉంది మాత్రం: 1959లో ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా మొదలైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లో. హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు లెక్కపెట్టుకుని బతికే అభ్యర్థికి ఖర్చు పెద్ద అడ్డంకి. ఆ మాట కొట్టేయలేనిది, అందుకే ఈ చిరునామా తెలిసి ఉండాలి. చివరి పన్ను వెనక నొప్పి చెవిలోకి లాగుతుంటే, నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోకపోతే, నోట్లో చేదుగా చీము రుచి తగులుతుంటే అది జ్ఞానదంతమే కావచ్చు. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలిస్తూ ఆ వారంలోనే చూపించుకోవాలి. జ్వరం, దవడ కింద గట్టి వాపు, మింగడం కష్టం కావడం, ఊపిరి ఆడకపోవడం మొదలైతే రాత్రయినా ఆగకూడదు, ఎమర్జెన్సీకి పోవాల్సిందే.

పరీక్ష అయ్యాక చూద్దాం అనేవాళ్లకు ఇక్కడి పరీక్షల చరిత్రే జవాబు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగి రద్దయింది, 2023 జూన్‌లో జరిగి మళ్లీ రద్దయింది, చివరికి 2024 జూన్‌లో నిలిచింది. ఆ ఇరవై నెలలూ పంటినొప్పిని వాయిదా వేసుకుంటూ పోవడం ఎవరివల్లా కాదు. పన్ను తీశాక వాపు తగ్గడానికి దాదాపు వారం చాలు. మూడో రోజు, నాలుగో రోజు నొప్పి తగ్గకపోగా పెరిగితే గుంటలో రక్తపు గడ్డ ఊడిందని అనుమానించి మళ్లీ వెళ్లాలి, ఆ రోజుల్లో సిగరెట్ ముట్టకూడదు. నోటిఫికేషన్‌కూ ప్రిలిమ్స్‌కూ మధ్య ఈ వారం దొరుకుతుంది. మెయిన్స్ ముందు దొరకదు.