మంత్రం పారుతుందా?

నిజామాబాదు నుంచి బోధనుకు వెళ్ళినవారికి అక్కడి పెద్దలు ఒక కథ చెబుతారు. భారతంలోని ఏకచక్రపురం ఆ ఊరేనట. భీముడు బకాసురుని చంపింది అక్కడేనట. ఇది ఐతిహ్యం మాత్రమే. చరిత్రకారులు బోధనును అశ్మక జనపదపు రాజధానియైన పోదనముగా గుర్తించారు. 1937లో చక్కెర కర్మాగారం వెలసి ఆ ఊరికి కొత్త పేరు తెచ్చింది. 2015లో అది మూతపడింది. కథ మాత్రం నిలిచే ఉంది.

ఆ కథ విని ఒక విద్యార్థి, "భీముడికి బదులు మంత్రవాది వెళ్ళి ఉంటే బకాసురుని మీద మంత్రం పారేదా?" అని అడిగాడనుకొందాం. ప్రశ్న చిలిపిదే. కాని ఇటువంటి ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పే ఆట ఒకటి 1974లో అమెరికాలో పుట్టింది. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దానిని రూపొందించారు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు వీరులుగా, మంత్రవాదులుగా పాత్రలు ధరించి తామేమి చేస్తామో చెబుతారు. ఫలితం సందేహమైన చోట పాచిక తీర్పు చెబుతుంది.

యుద్ధంలోని అనిశ్చితిని పాచికతో కొలవటం అంతకు ముందే ఉంది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్ ప్రకటించిన యుద్ధక్రీడలో సైన్యనష్టాలు పాచికతోనే తేలేవి. బొమ్మ సైనికుల ఆటలు ఆ బాటనే నడిచాయి. 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి వ్రాసిన చైన్‌మెయిల్ అనే నియమావళి అనుబంధంలో మంత్రవాదులు బొమ్మ సైనికుల పక్కన నిలిచారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మంత్రానికి హద్దు లేకపోతే కత్తి పట్టినవానికి పని ఉండదు. గైగాక్స్ దీనికి ఉపాయాన్ని జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన ది డయింగ్ ఎర్త్ కథలనుంచి తీసుకొన్నాడు. అందులో మాంత్రికుడు మంత్రాన్ని వల్లించి మనస్సులో నిలుపుకొంటాడు. ఒకసారి ఉచ్చరించగానే అది మరపున పడుతుంది. ఆటలో మొదటి మెట్టు మంత్రవాదికి రోజుకొక్క మంత్రమే దక్కింది. మన పాఠకులకిది వింతగా తోచదు. కర్ణుని శక్త్యాయుధం ఒక్కసారికే పనికివచ్చేది. దానిని ఘటోత్కచునిపై వాడవలసి వచ్చింది. పరశురాముని శాపం వల్ల అవసర సమయంలో బ్రహ్మాస్త్రమంత్రం అతనికి గుర్తుకు రాలేదు. నారాయణాస్త్రమో, ఆయుధం దించినవాణ్ణి ముట్టదు. అస్త్రానికి హద్దూ విరుగుడూ ఉండాలన్న ఊహ మనకు పాతదే. దానికి శాతం కట్టటమే కొత్త.

ఇక బకాసురుని సంగతి. 1977 నాటి నియమాల ప్రకారం అతనికి మంత్రనిరోధం నూటికి 50 అనుకొందాం. ఈ అంకె 11వ మెట్టు మంత్రవాదికి వర్తిస్తుంది. మంత్రవాది ఒక్కొక్క మెట్టు ఎక్కినకొద్దీ నిరోధం 5 తగ్గుతుంది, దిగినకొద్దీ 5 పెరుగుతుంది. అంటే 13వ మెట్టువానికి ఎదురయ్యేది 40, 9వ మెట్టువానికి 60. నిరోధాన్ని దాటినా పని అయిపోలేదు. రాక్షసునికి తప్పించుకొనే పందెం ఇంకొకటి ఉంది; దానిని సేవింగ్ త్రో అంటారు. ఇరవై ముఖాల పాచికపై 11 గాని, అంతకు మించి గాని పడితే చాలుననుకొంటే, 11వ మెట్టువాని మంత్రం పూర్తిగా తగిలే అవకాశం సగంలో సగం, నూటికి 25.

1989లో మెట్ల సవరణ తీసివేశారు: మహామాంత్రికునికీ కొత్తవానికీ ఒకటే శాతం. నా దృష్టిలో ఇది వెనుకడుగు. 2000లో లెక్క మళ్ళీ మారింది. మంత్రవాది పాచికపై పడిన అంకెకు తన మెట్టును కలుపుతాడు. మొత్తం రాక్షసుని నిరోధసంఖ్యను అందుకోవాలి. నిరోధం 18 అయితే 11వ మెట్టువానికి 7 పడినా చాలు. ఇరవైలో పద్నాలుగు ముఖాలు అతనివి, అంటే నూటికి 70. 2014లో దీనిని కూడ విడిచి, నిరోధమున్నవాడు తప్పించుకొనే పందెంలో రెండు పాచికలు వేసి పెద్ద అంకెను తీసుకోవచ్చునన్నారు. సగమున్న అవకాశం దానితో ముప్పాతిక అవుతుంది.

ఇన్ని మార్పులలో మారనిది ఒకటుంది. మంత్రం ఎప్పుడు విఫలమవుతుందో పాచిక వేయకముందే చెప్పాలి. మన పల్లెలలో చేతబడి, బాణామతి అని భయపడేవారి మాట ఇందుకు తలక్రిందులు. జబ్బు చేస్తే మంత్రం పారిందంటారు. చేయకపోతే అక్షరం తప్పిందనో, తిథి కుదరలేదనో అంటారు. ఏది జరిగినా సరిపోయే మాటను పరీక్షించటానికి వీలుండదు. దానిని నమ్మి, అనుమానంతో మనుష్యులను కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ జిల్లాలలో జరిగాయి. పొరుగున ఉన్న మహారాష్ట్ర 2013లో ఇటువంటి చేష్టలపై చట్టం చేసింది.

తరగతిలో ఇరవై ముఖాల పాచిక దొరకదు. గవ్వలు సరిపడవు: అష్టాచెమ్మా ఆటలో నాలుగు గవ్వలకు పదహారు విధాలుంటే, అందులో రెండు గవ్వలు వెల్లకిల పడే విధాలు ఆరు, నాలుగూ బోర్లపడేది ఒక్కటే. పైగా గవ్వకు రెండు వైపులూ సమానం కావు. ఒకే కొలత గల ఇరవై చీటీలపై 1 నుంచి 20 వరకు వ్రాసి కుండలో వేయండి. తీసిన చీటీని తిరిగి వేసి కలుపుతూ నూరుసార్లు తీయించండి. 7, అంతకు పైబడినవి ఎన్ని వచ్చాయో పిల్లలచేత పలక మీద గీతలు గీయించండి. సరిగ్గా డెబ్బై రాకపోవచ్చు. ఎంత దూరంలో ఆగాయో వారినే లెక్కించమనండి.