హ్యామ్ రేడియో - వినికిడి లోపం

లైసెన్సు తీసుకుని, డబ్బు ఆశించకుండా, సరదా కొద్దీ వైర్‌లెస్ సెట్టు నడిపేవారిని హ్యామ్‌లంటారు. పూర్తిగా చెవి మీద బతికే వ్యాపకంలా కనిపిస్తుంది గానీ, వినికిడి తగ్గినవారూ అసలు లేనివారూ ఇందులో ఏనాటినుంచో ఉన్నారు.

నిజానికి తంతి పుట్టింది కంటికోసం. 1844లో మోర్స్ యంత్రం చుక్కల్నీ గీతల్నీ కాగితపు పట్టీ మీద అచ్చొత్తేది. యంత్రం టకటకల్ని విని రాసుకోవడం ఆ తర్వాత ఆపరేటర్లు తమంతట తాము పట్టుకున్న ఒడుపు. చిన్నతనంలోనే చెవులు మందగించిన థామస్ ఎడిసన్ ఆ పని చేసే పొట్టపోసుకున్నారు. పక్క బల్లల గోల వినపడదు కాబట్టి తన యంత్రం మీదే ధ్యాస నిలిచేదని ఆయనే చెప్పుకున్నారు. వైర్‌లెస్ వచ్చాక చెవి పెత్తనం పెరిగింది. అయినా స్పీకరు మీద వేలు ఆనించి, అదురును బట్టి మోర్స్ సంకేతాలు చదివిన హ్యామ్‌లు ఉన్నారు.

ఈ చరిత్రలో పెద్దపీట రాబర్ట్ వైట్‌బ్రెక్ట్‌ది. పుట్టుకతో వినికిడి లేని ఈ అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త హ్యామ్ కూడా. రేడియోకు టెలిప్రింటరు కలిపి అక్షరాల్లో మాట్లాడేవారు. ఆ అనుభవంతోనే 1964లో టెలిప్రింటరును మామూలు ఫోనుకు జతచేసే పరికరం తయారుచేశారు. వినికిడి లేనివారు తొలిసారి దూరం నుంచి ఫోనులో ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగింది దాని పుణ్యమే.

మన దేశంలో హ్యామ్ రేడియో 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తూతో మొదలైంది. తెలుగునాట దానికి ఊపు తెచ్చింది 1983లో ఎస్. సూరి హైదరాబాదులో నెలకొల్పిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. అప్పట్లో లైసెన్సు పొందిన కుర్రాళ్లు ఇప్పుడు అరవై దాటినవారు. చెవి సంగతి ఇక్కడ ముందుకొచ్చింది అందుకే. లైసెన్సు పరీక్షలోనూ చెవికి పని ఉండేది. 1978 నిబంధనల ప్రకారం మొదటి గ్రేడుకు నిమిషానికి 12 పదాలు, రెండో గ్రేడుకు 5 పదాల వేగంతో మోర్స్ రావాల్సి ఉండేది. తర్వాత వచ్చిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు.

వయసుతోనైనా, చప్పుడుతోనైనా ముందు పోయేది కీచు స్వరాల వినికిడి. కైకలూరు, కొల్లేటి చుట్టుపక్కల రాత్రంతా చేపల చెరువుల దగ్గర డీజిల్ ఇంజన్ల మధ్య ఉండేవారికీ, తాడేపల్లిగూడెం రైసుమిల్లుల్లో పనిచేసేవారికీ ఈ ముప్పు ఉంది. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజుకు 8 గంటలు ఏళ్ల తరబడి గడిపితే సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర దెబ్బ మొదలవుతుంది. హ్యామ్ సెట్టు గొంతును 3000 హెర్ట్జ్ దగ్గరే కోసేస్తుంది కాబట్టి, ఇంట్లో మనవరాలి మాట అందకపోయినా రేడియోలో కొంతకాలం బాగానే నడుస్తుంది. నష్టం కిందికి పాకాక ‘బి, డి, పి, టి, వి’లు ఒకేలా వినిపిస్తాయి. మన హ్యామ్‌ల గుర్తింపు పేర్లు (కాల్‌సైన్లు) సాధారణంగా ‘వి’తోనే మొదలవుతాయి. ‘విక్టర్, యూనిఫాం’ అంటూ అక్షరాన్ని పేరుపెట్టి చెప్పే పద్ధతి అందరికంటే వీరికే ఎక్కువ మేలు చేస్తుంది.

చెవి మిషను పెట్టుకున్నంత మాత్రాన చిక్కు తీరదు. చెవి వెనక మిషను మీద హెడ్‌ఫోన్ పడితే కూత పెడుతుంది. మిషను తీసి, సెట్టు ఈక్వలైజరుతో 1000 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య శబ్దాన్ని పెంచుకోవడం చవకైన ఉపాయం. మిషనును బ్లూటూత్‌తో సెట్టుకు కలిపితే శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. ముచ్చట్లకు ఫరవాలేదు గానీ, తన కీ చప్పుడు తనకే వెనక వినిపిస్తే మోర్స్ పంపే చెయ్యి తడబడుతుంది. మోర్స్ స్వరాన్ని మామూలు 700 నుంచి 500 హెర్ట్జ్‌కు దించుకుంటే, గొంతులు అందని చెవికి కూడా అది అందుతుంది.

మళ్లీ కంటికి పని దొరికింది కంప్యూటర్లతో. 1998లో పీటర్ మార్టినెజ్ తెచ్చిన పీఎస్‌కే31 పద్ధతితో టైపు చేసి మాట్లాడుకోవడం తేలికైంది. 2017లో నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే ఎఫ్‌టీ8 తెచ్చారు. 15 సెకన్ల వంతుల్లో, మామూలు చెవికీ వినపడని సంకేతాన్ని తెర మీద చదివిస్తుంది. అక్కడ అందరి వినికిడీ ఒకటే. కాకపోతే సొంతంగా రాసే మాటకు 13 అక్షరాలు మించవు. దాన్ని సంభాషణ అనడం పెద్దమనసే.

విపత్తుల్లో ఆ 13 అక్షరాలు సరిపోవు. 2004 సునామీ నాడు అండమాన్‌లో ఉన్న భారతి ప్రసాద్ బృందమైనా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక విశాఖలో పనిచేసిన హ్యామ్‌లైనా ఎక్కువగా నోటిమాట మీదే నడిపారు. రేపు ఉప్పుటేరు పోటెత్తి కొల్లేటి లంకలకు దారి తెగినా పరిస్థితి అదే. పడవల లెక్క, మందుల పేర్లు పొరపాటు పడకూడదు. అందుకే విన్నదాన్ని తిరిగి చదివి ఖాయం చేసుకోవడం, సెట్టు దగ్గర ఇద్దరు కూర్చుని ఒకరు వింటే ఒకరు రాయడం, వీలున్నచోట రేడియో మీదుగానే ఈమెయిల్ పంపే విన్‌లింక్ వాడడం మంచివి. విన్‌లింక్ దగ్గర కూర్చున్న ఆపరేటరు చెవి మిషను తీసేసినా పని ఆగదు.