దిద్దుబాటు చరిత్ర

దిద్దుబాటు అనగానే పలువురు శ్రోతలకు 1910లో వెలువడిన గురజాడ అప్పారావుగారి కథ స్ఫురించును. అందు దిద్దబడినది ఒక భర్త నడవడి. నేను నేడు చెప్పదలచినది వ్రాతను దిద్దుటను గూర్చి. వ్రాసినదానిని కొట్టివేయుట, విడిచినదానిని చేర్చుట, ఒకచోటి వాక్యమును మఱియొకచోటికి మార్చుట, తుదకు చదువరి కంటికి ఇంపగునట్లు కూర్చుట: ఈ పనులు వ్రాత పుట్టిననాటినుండియు ఉన్నవే. కాని గడచిన అరువది యేండ్లలో ఇవి తాటాకును, కాగితమును, సీసపు టక్షరమును విడిచి కంప్యూటరు తెరమీదికి చేరినవి. ఆ మార్పు ఎట్లు జరిగెనో, అందు మనకు లభించినదేమో, చేజారినదేమో విచారింతము.

మొదట తాటాకు మాట. లేఖకుడు గంటముతో ఆకుపై గీసిన గీత చెరుపరానిది. తప్పు పడినచో ఆ యక్షరముపై చుక్కయో గీతయో పెట్టి రద్దుచేయును. అక్షరము విడిచిపోయినచో ఆచోట హంసపాదమును గుర్తించి, విడిచినదానిని పంక్తికి పైనో క్రిందనో వ్రాయును. గ్రంథారంభముననే ఈ గుర్తు పెట్టవలసివచ్చుట మంచి శకునము కాదు గదా! “ఆదిలోనే హంసపాదు” అను పలుకుబడి అందుండి వచ్చినదే. ఇక కూర్పు విషయము. పదమునకును పదమునకును నడుమ ఎడము లేదు. పద్యమునకు పాదవిభాగము చూపు వాడుక లేదు. ఆకు వృథా కాకుండుటయే ప్రధానము. చదువరి ఛందస్సు తెలిసినవాడగుటచే యతిప్రాసల జాడను బట్టి పాదములను తానే విడదీసికొనెడివాడు. అనగా నాడు కూర్పు ఆకుమీద లేదు, చదువరి చెవిలో నుండెను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1820లో కడపకు వచ్చిన పిమ్మట ఈ తాటాకు గ్రంథములపై దృష్టి నిలిపెను. పండితులకును లేఖకులకును జీతములిచ్చి, ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పోల్చిచూపించి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. ఇట్టి పరిష్కరణమున ముఖ్యమైన నియమ మొకటి కలదు. పరిష్కర్త ఒక పాఠమును స్వీకరించి వేఱొకదానిని త్రోసివేయవచ్చును. కాని త్రోసివేసినది ఏదియో చెప్పియుంచవలెను. నూఱేండ్ల తరువాతివాడు ఆ నిర్ణయమును కాదనదలచినచో వానికి ఆధారము మిగిలియుండవలెను గదా. ఈ నియమమును శ్రోతలు జ్ఞప్తియందుంచుకొన వేడెదను.

తరువాత అచ్చు. తెలుగు అక్షరములతో పుస్తకములు మొదట 1746 ప్రాంతమున జర్మనీ దేశమునందలి హాలె నగరమున, బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ బోధకుని పూనికచే అచ్చయ్యెను. వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు 1854లో చెన్నపట్టణమున ముద్రణాలయమును స్థాపించిరి. అచ్చు వచ్చుటతో కూర్పు చదువరి చెవినుండి కాగితముమీదికి వచ్చెను. పదముల నడుమ ఎడములు, పద్యమునకు నాలుగు పంక్తులు, గద్యమునకు పేరాలు, అధ్యాయమునకు పెద్ద యక్షరముల శీర్షిక ఏర్పడెను. గుణింతములు, ఒత్తులు కలసి తెలుగునకు వందలకొలది సీసపు ముక్కలు కావలెను. కంపోజిటరు వానిని గడులనుండి ఒక్కొక్కటిగా తీసి పేర్చును. ప్రూఫు తీసి దిద్దును. ఎంత దిద్దినను మిగిలిన తప్పునకు మనవారు విశాఖదత్తుని నాటకము పేరు నరువు తెచ్చి “ముద్రారాక్షసము” అని ముద్దుపేరు పెట్టిరి. పేజీ కట్టిన తరువాత ఒక మాట చేర్చినచో పంక్తి జరుగును, పంక్తి జరిగినచో పేరా జరుగును, పేరా జరిగినచో పేజీయే చెదరును. కావున పెక్కు గ్రంథములకు తుదిని “తప్పొప్పుల పట్టిక” యను పుట చేరెను. ఆ పుటను నేను గౌరవింతును. అది గ్రంథకర్త లోకమునకు పెట్టిన క్షమాపణ పత్రము. నాడు దిద్దుబాటు శ్రమతోను ధనవ్యయముతోను కూడిన పని గనుక, రచయిత కలము పట్టుటకు ముందే ఒకటికి రెండుమాఱు లాలోచించెడివాడు.

ఇప్పుడు యంత్రముల కథకు వత్తము. 1960 దశకారంభమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పి.డి.పి.-1 అను కంప్యూటరు ఉండెడిది. అది గణితమునకై ఉద్దేశింపబడినది. స్టీవ్ పైనర్ అను నాతడు దానిచేత వ్రాతపని చేయించుటకై ఒక క్రమణికను రచించి, దానికి “ఖరీదైన టైపురైటరు” అని పరిహాసముగా పేరు పెట్టెను. లక్ష డాలర్లకు మించిన యంత్రముతో టైపుకొట్టుట అందఱకు నవ్వులాటయే. కాని 1964లో ఐ.బి.యం. సంస్థవారు అయస్కాంతపు టేపుపై వ్రాతను నిలుపు టైపురైటరును అమ్మజొచ్చిరి. టేపుమీద తప్పును మాత్రము మార్చి, ఉత్తరమునంతయు యంత్రముచేతనే మరల కొట్టించవచ్చును. వ్రాత ఒకచోట, దాని అచ్చుప్రతి వేఱొకచోట ఉండుట అప్పుడు కార్యాలయములకు పరిచితమయ్యెను.

1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒక సభ యెదుట కొత్త వింతను ప్రదర్శించెను. అంగడిలో కొనవలసిన వస్తువుల పట్టికను తెరపై వ్రాసి, అరచేతి క్రింద ఇమిడిన మౌస్ అను పనిముట్టుతో అందలి మాటలను చూపుచు, అటునిటు జరిపి, వర్గములుగా విభజించి చూపెను. చూచినవారు లేచి చప్పట్లు చఱచిరి.

ఆ తరువాత కాలిఫోర్నియాలోనే జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోన్యి అనువారు బ్రావో అను క్రమణికను నిర్మించిరి. అక్షరముల లావు, వాలు, పరిమాణము కాగితముపై ఎట్లు పడునో తెరపైననూ అట్లే కనబడునట్లు చేయుట దాని ఘనత. అయితే అందొక చిక్కు. ఒక స్థితిలో మీట నొక్కినచో అక్షరము పడును. వేఱొక స్థితిలో ఆ మీటయే ఆజ్ఞయగును. ఇంగ్లీషున “ఎడిట్” అను మాటను టైపుచేయబోయి, తానున్నది ఆజ్ఞాస్థితియని మఱచినవాని గతి యేమనగా, ‘ఇ’ అనగా సర్వము నెన్నుకొనుము, ‘డి’ అనగా తుడిచివేయుము, ‘ఐ’ అనగా చొప్పింపుము. చివరి ‘టి’ యను అక్షరము చొప్పింపబడెను. పత్రమంతయు పోయి ఒక్క ‘టి’ మిగిలెను! ఈ కథ ఆ రంగమువారిలో నేటికిని చెప్పుకొనబడుచున్నది.

ఆ పరిశోధనాలయముననే యున్న లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు ఈ చిక్కును విడదీసిరి. గిన్ అను పాఠ్యపుస్తక ప్రకాశకుల కార్యాలయమున సంపాదకులు పనిచేయు తీరును వారు పరిశీలించిరి. ఆ సంపాదకులు టైపుప్రతిని కత్తెరతో ముక్కలు చేసి, కావలసిన చోట జిగురుతో అంటించెడివారు. 1975లో తయారైన జిప్సీ అను క్రమణికలో ఈ కత్తెరయు జిగురును తెరమీదికి వచ్చెను. మొదట మాటను చూపుము, పిమ్మట ఏమి చేయవలెనో చెప్పుము. ఇంతియే సూత్రము. నేడు బడిపిల్లవాడును “కట్, కాపీ, పేస్ట్” అనుచుండుటకు మూలమిదియే. టెస్లర్ 2020లో మరణించినపుడు, ఆయన పేరెన్నడును విననివారు సైతము ఆయన విద్యను దినమునకు నూఱుమాఱులు వాడుచుండిరి.

దిద్దుట ఇట్లు సులభమయ్యెను. కూర్చుట సంగతి యేమి? ఇందు రెండు సంప్రదాయము లేర్పడెను. మొదటిది, కంటికి కనబడునట్లే కూర్చుట. బ్రావో మార్గమిది. సిమోన్యి 1981లో మైక్రోసాఫ్ట్ సంస్థకు చేరగా, 1983లో వెలువడిన వర్డ్ ఈ మార్గమునే వ్యాపింపజేసెను. రెండవది, వ్రాతలో ఏది యేమియో గుర్తించి చెప్పుట. 1964లో జెరోమ్ సాల్ట్‌జర్ రచించిన రనాఫ్ అను క్రమణికలో, చుక్కతో మొదలగు పంక్తి అచ్చుకు రాదు. అది కూర్పరికి ఇచ్చు ఆజ్ఞ. 1969లో ఐ.బి.యం.నందు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు ఒక యడుగు ముందుకు వేసిరి. “దీనిని లావుగా వేయుము” అనుటకు మాఱుగా “ఇది శీర్షిక, ఇది పేరా” అని గుర్తించుట చాలును. ఎట్లు కనబడవలెనో పిదప నిర్ణయింపవచ్చును అని వారి మతము. నేటి వెబ్ పుటలు ఈ వంశమునకు చెందినవే.

డోనాల్డ్ నూత్ అను ఆచార్యుని కథయు ఇక్కడ చెప్పదగినది. 1977లో ఆయన గ్రంథపు రెండవ సంపుటము కొత్త కూర్పునకు ప్రూఫులు వచ్చెను. సీసపు అక్షరమునకు బదులు ఛాయాచిత్ర పద్ధతిలో కూర్చిన ఆ పుటలు ఆయనకు వికారముగా తోచెను. కొద్దికాలములో ముగింతునని తలచి, కూర్పునకు తానే ఒక క్రమణికను మొదలిడెను. దాదాపు పదియేండ్లు పట్టెను. దాని పేరు టెక్. పంక్తికి పంక్తిగా గాక పేరానంతయు ఒక్కమాఱు తూచి, ఎచ్చట విఱిచినచో ఎడములు సమముగా నుండునో లెక్కించుట దాని నేర్పు. మంచి కంపోజిటరు చేతివ్రేళ్లలో నుండిన విద్య గణితముగా మాఱెను.

ఈ రెండు మార్గముల భేదము కేవలము పండితుల తగవు కాదు. శీర్షికను లావుగా, పెద్దగా చేసి ఊరకుండిన పత్రమును చూపుగలవాడు చదువుకొనును. చూపులేనివానికి పత్రమును చదివి వినిపించు యంత్రము శీర్షికనుండి శీర్షికకు దూకవలెనన్నచో, అది శీర్షికయని వ్రాతలో గుర్తు ఉండవలెను. గుర్తు లేనిచో నూఱుపుటల పత్రమును మొదటినుండి వినుచు కూర్చుండవలసినదే.

మన తెలుగుకు వత్తము. కంప్యూటరు తెలుగును నేర్చిన తొలినాళ్లలో ఒక్కొక్కరు ఒక్కొక్క ఫాంటును చేసికొనిరి. యంత్రములో నిలిచినది ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలే. వానిపై తెలుగు బొమ్మలు కప్పబడెను. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో ఆ వ్రాత అర్థములేని గుర్తుల కుప్ప. వెదకుట కుదరదు, వరుస పేర్చుట కుదరదు. ఇది కూర్పునే వ్రాతగా భ్రమించుటవలన వచ్చిన ఫలము. 1991లో భారతీయ ప్రమాణమగు ఇస్కీయు, ప్రపంచ ప్రమాణమగు యూనికోడును నిలుకడ చెందినవి. యూనికోడు తెలుగునకు 128 గదులు కేటాయించెను. అచ్చుకూటమునకు వందల ముక్కలు కావలసివచ్చినచోట ఇన్ని గదులెట్లు చాలుననగా, ఒత్తును బొమ్మగా గాక ఉచ్చారణక్రమముగా నిలుపుటచేతనే. “స్త్రీ” యను మాట కంటికొక్క యక్షరము. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అను ఆఱు. తెరమీది కూర్పు ఫాంటు పని, లోపలి వ్రాత మన పని.

ఈ యేర్పాటులో కంటి కగపడని గుర్తులును ఉన్నవి. “సాఫ్ట్‌వేర్” అను మాటలో ట కారపు పొల్లుకును వ కారమునకును నడుమ అట్టి దొకటి చేర్పనిచో, వ కారము ఒత్తుగా మాఱి క్రిందికి జాఱును. 2018 ఫిబ్రవరిలో ఒక విడ్డూరము జరిగెను. “జ్ఞ”కును దీర్ఘమునకును నడుమ ఈ యదృశ్యపు గుర్తు చేరిన రూపము వచ్చిపడినచో ఆపిల్ సంస్థవారి ఫోనులలోని సందేశ క్రమణికలు కుప్పకూలెను. ఫిబ్రవరి 19న ఆ సంస్థవారు సవరణ వెలువరించిరి. జ్ఞానమున కాది యక్షరమే ప్రపంచపు యంత్రములకు హంసపాదు పెట్టెనని మనము నవ్వుకొనవచ్చును. కాని చిన్న భాషల లిపిని యంత్రనిర్మాతలు ఎంత తక్కువగా పరీక్షింతురో అందు తెలియవచ్చినది.

ఇక చేజారినదేమి? తాటాకున రద్దైన యక్షరమును నేటికిని చదువగలము. ప్రూఫు కాగితమున దిద్దినవాని చేవ్రాలు కనబడును. తెరమీది దిద్దుబాటునకు, దానిని దాచు నేర్పాటు లేనిచో, జాడయే మిగులదు. ఒక వాక్యము నిన్న వేఱుగా నుండెనని ఋజువు చేయుటకు సాక్ష్యము దొరకదు. న్యాయస్థానపు పత్రమైనను, కవి కావ్యమైనను ఇదియే భయము. ఆ భయమునకు మందును యంత్రములోనే కలదు. వికీసోర్స్ అను ఉచిత గ్రంథాలయమున తెలుగు పాతపుస్తకములను ఔత్సాహికులు పుటపుటగా ఎక్కించుచున్నారు. పుస్తకపు ఛాయాచిత్రము ప్రక్కనే పాఠ ముండును. దిద్దని పుటకు ఎఱుపు, ఒకరు దిద్దినదానికి పసుపు, వేఱొకరు సరిచూచినదానికి పచ్చ రంగు గుర్తులు. ఎవరు ఎప్పుడు ఏ యక్షరము మార్చిరో అంతయు నిలిచియుండును. కడపలో బ్రౌను దొర పండితులు చేసిన పనియే ఇది. జీతము లేదు, పోలిక చూచుట మాత్రము అట్లే యున్నది.

కావున తెలుగున వ్రాయువారికి నా మనవి యిది. శీర్షికను శీర్షికగా గుర్తింపుడు. యూనికోడునందే వ్రాయుడు. పాతఫాంటులలో మీ యింట పడియున్న వ్రాతలను, వానిని చదువగల యంత్రములుండగనే మార్పించి భద్రపఱపుడు. ముఖ్యమైన పత్రమును దిద్దునపుడు వెనుకటి రూపమును తుడిచివేయక యొక ప్రతి యుంచుడు. పరుల గ్రంథమును దిద్దునపుడు మీరు మార్చినది మార్చినట్లు చెప్పుడు. మీట నొక్కుట క్షణములో ముగియును. పోయిన పాఠమును మరల సంపాదించుటకు బ్రౌను వంటివాడు ఊరూర తిరుగవలసివచ్చును.