పిడికెడు బియ్యము: డోర్నకల్ మండల చరిత్రలో పేదల కానుక

మండల చరిత్ర వ్రాసేవారు సాధారణముగా బిషప్పుల పేర్లతోను, ఆలయ ప్రతిష్ఠల తేదీలతోను ఆరంభిస్తారు. అవి అవసరమే. కాని మన సంఘముల చరిత్ర పొయ్యి ప్రక్కన ఉండే ఒక చిన్న ముంతలో కూడ ఉన్నది. వంటకు గింజలు కొలిచిన తల్లి, ఎసట్లో పోయకముందు ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేది. ఆదివారమున వాటిని కొంగున కట్టుకొని గుడికి తెచ్చి, కానుకల గంపలో పోసేది. దీనినే మన పెద్దలు పిడికెడు బియ్యము అన్నారు. ఈ శతాబ్ది సంచికలో ఆ ముంతను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట నా ఉద్దేశము.

ముందుగా జ్ఞాపకము చేసుకొనవలసిన సంగతి ఒకటున్నది. మన మండలమే ఇతరుల కానుకల వలన పుట్టినది. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడింది. భారతీయుల సొమ్ముతో, భారతీయ సేవకుల చేత సువార్త పని జరగవలెనన్నది దాని నియమము. ఆ ప్రాంతపు క్రైస్తవులలో తాటిచెట్లెక్కి, బెల్లము వండుకొని బ్రతికే కుటుంబములు అనేకము. అటువంటి వారి కానుకలతో బయలుదేరిన సేవకులు తెలుగు నేర్చుకొని, నిజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమున పని ప్రారంభించారు. ఆ సొసైటీని స్థాపించిన వారిలో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, తామే డోర్నకల్ వచ్చారు. తొలిదినములలో వారి నివాసము గుడారమే. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో వారు బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడైన మొదటి బిషప్పు ఆయనే. మన మండలము ఆ సంవత్సరముననే ఏర్పడింది.

ఆనాటి మన సంఘస్థులు ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. సొంత భూమి లేదు. దొరల పొలములలో పాలేరుతనము, దానిపైన వెట్టిచాకిరి. కూలి గింజల రూపమున వచ్చేది. అందులో జొన్నలే ఎక్కువ. వరి అన్నము పండుగనాటి మాట. కనుక పిడికెడు బియ్యమని పేరేగాని, అనేక ఇండ్లలో అది పిడికెడు జొన్నలే. పెండ్లికి, చావుకు చేసిన అప్పు తండ్రి నుండి కుమారునికి దిగేది. ఇటువంటి వారిని కానుక అడుగుట న్యాయమా? ఇంగ్లాండు నుండి మిషన్ల సొమ్ము వస్తుండగా ఈ బీదల ముంతలో చెయ్యి పెట్టనేల? ఈ ప్రశ్న ఎవరికైనను కలుగును.

అజరయ్య గారు ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. ఇచ్చుట ధనవంతుని పని కాదు, బాప్తిస్మము పొందిన ప్రతివాని పని అన్నదే వారి బోధ సారము. బాప్తిస్మము పొందినవారు తమ చేయి తలపై ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అని పౌలువలె ఒప్పుకొనునట్లు వారు నేర్పించారు. సువార్త చెప్పుట ఎవరి జీతపు పనియో కాదన్నట్లే, సంఘమును పోషించుట కూడ పరాయివారి పని కాదని వారి ఎంచిక. క్రైస్తవ దాతృత్వమును గూర్చి వారు ఆంగ్లములో వ్రాసిన పుస్తకము, వారి మరణానంతరము 1955లో విదేశములలో కూడ మరల అచ్చయింది. బీదల సంఘములో నేర్చిన పాఠమును ధనిక సంఘములు చదువుకొన్నవన్న మాట.

ఇందులో ఇంకొక సంగతి ఇమిడి ఉన్నది. 1910లో ఎడిన్‌బరో నగరమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో అజరయ్య గారు ప్రసంగించుచు, మిషనెరీల త్యాగములకు భారత సంఘము కృతజ్ఞత కలిగియున్నదని చెప్పి, తమకు స్నేహితులు కూడ కావలెనని అడిగారు. ఎల్లప్పుడును పుచ్చుకొనేవాడు ఇచ్చేవానితో సమానముగా కూర్చుండలేడు. చేయి చాచుటకే అలవాటుపడిన వానికి స్నేహము దొరకదు, దయ మాత్రమే దొరుకును. దొర వాకిట చేతులు కట్టుకొని నిలువబడిన మనిషి, ఆదివారమున తన చేతితో గంపలో గింజలు పోసినప్పుడు ఆ ఒక్క గడియ అతడు దాత. పిడికెడు బియ్యము చేసిన గొప్ప పని ఇదే అని నా నమ్మకము.

ఇచ్చుటకు ముందు నిలుపుకొనుట నేర్వవలెను. అందుకే మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడవలెనని అజరయ్య గారు బోధించేవారు. వారు 1898లో కట్నము పుచ్చుకొనకుండ వివాహము చేసుకొన్నవారు గనుక ఆ మాటకు బలముండేది. సారాయి దుకాణమునకు పోయే డబ్బు ఇంట నిలిచినప్పుడే ముంతలో గింజ పడేది.

పిడికెడు బియ్యమునకు తోడు కోతపండుగ. పంట ఇంటికి వచ్చిన దినములలో తొలి వెన్నులు, గుమ్మడికాయలు, కోడిపిల్లలు, కోడిగ్రుడ్లు, మేకపిల్లలు బలిపీఠము యొద్దకు వచ్చేవి. ఆరాధన ముగిసిన తరువాత గుడి ముంగిట వేలంపాట. ఎవరి కోడిని వారే హెచ్చు ధరకు పాడుకొని ఇంటికి తీసుకొనిపోవుట, నవ్వులు, కోలాటములు, భజనలు, ఆపైన సహపంక్తి భోజనము. మాల, మాదిగలు ఒక పంక్తిని కూర్చుండుట ఆ దినములలో చిన్న సంగతి కాదు. ఈ విధముగా వచ్చిన గింజలు, పైసలు ఉపదేశి కుటుంబమునకు, గుడి దీపపు నూనెకు, ఊరిలోని విధవరాండ్రకు, రోగులకు ఉపయోగపడేవి.

సత్యము చెప్పవలెనంటే, ఈ గింజలతోనే మండలము నడిచిందనుట సరికాదు. బడులకు, ఆసుపత్రులకు విదేశీ సంఘముల సహాయము చాలకాలము అవసరమైనది. దానిని మరచుట కృతఘ్నత. అయితే 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌ను చూచినప్పుడు నాకు తోచునది వేరు. గుమ్మటములు, మీనారులు, చెక్కిన రాతిస్తంభములు, అన్నియు ఈ దేశపు రూపములే. మన ఇల్లు మన పోలికనే ఉండవలెనని కోరినవారే, మన సంఘము మన గింజలతోనే బ్రతుకవలెనని కోరారు. అజరయ్య గారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించి, ఆ డోర్నకల్‌లోనే సమాధి చేయబడ్డారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మన మండలము అందులో చేరినది.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకొనవలెను. నేను వేదాంత కళాశాల నుండి వచ్చి మొదటి పాస్టరేటులో చేరిన దినములలో, అక్కడ ఇంకను కొద్దిమంది ముసలమ్మలు బియ్యము తెచ్చేవారు. రేషను బియ్యము, సన్నబియ్యము, నూకలు అన్నీ గంపలో కలిసిపోయేవి. అమ్మితే పెద్దగా రాదు. లెక్క వ్రాయుట కష్టము. కమిటీలో ఆ గంప ఎత్తివేసి కవర్లు ఇద్దామన్నారు. నేను సరే అన్నాను. రెండు ఆదివారముల తరువాత ఒక అవ్వ వాకిట నిలువబడి, “అయ్యగారూ, పైసలున్నోళ్ళే ఇయ్యాల్నా? మాకిగ ఇచ్చే పని లేదా?” అని అడిగింది. కొంగు ముడి విప్పలేదు. నాకు జవాబు దొరకలేదు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని గూర్చి ఎన్నిసార్లు ప్రసంగించానో! ఆ తరువాతి ఆదివారము గంపను మరల బల్ల యొద్ద పెట్టించాను.

నేడు మన కుటుంబములలో ఉద్యోగస్థులున్నారు, పట్టణములలోను విదేశములలోను ఉన్నవారున్నారు. కట్టడములకు విరాళములు వచ్చుచున్నవి, శిలాఫలకములపై పేర్లు చెక్కబడుచున్నవి. వారి ప్రేమను తక్కువ చేయను. కాని పిడికెడు బియ్యమునకు శిలాఫలకము లేదు. ఎవరెంత పోశారో గంపకు కూడ తెలియదు. ఆకలి తీరిన తరువాత మిగిలినది కాదు, ఆకలి ఉండగానే ముందుగా తీసినది గనుకనే అది కానుక అయినది.

ముంత లేకపోవచ్చును. గ్యాసు పొయ్యి ప్రక్కన దానికి చోటు దొరకకపోవచ్చును. కాని నెల జీతము చేతికి వచ్చిన దినమున, ఖర్చు మొదలుపెట్టకముందు పిడికెడు ప్రక్కన పెట్టుట మనలో ఎవరికిని అసాధ్యము కాదు. దానిని బీదవాని బిడ్డ చదువుకో, పల్లె సంఘపు కాపరికో, పేరు లేకుండ చేర్చుదము. పేరు తెలియని ఆ తల్లులకు మనము కట్టగల స్మారకము అదే. వారి పిడికిళ్ళను ఆశీర్వదించిన ప్రభువు మన పిడికిళ్ళను కూడ తెరచును గాక. ఆమేన్.