ముందు మీరు వెళ్లండి, దయ్యంగారూ

జపాన్ సముద్రం ఒడ్డున, తొత్తోరి ప్రాంతంలో, యొనాగో నుంచి సకాయిమినాతో దాకా ఒక చిన్న రైలు మార్గం ఉంది. యొనాగోలో ఆ రైలు బయల్దేరేది సున్నా నంబరు ప్లాట్‌ఫాం నుంచి. దారిలో ప్రతి స్టేషనుకూ అసలు పేరు కాక ఇంకో పేరు పెట్టారు. అవన్నీ దయ్యాల పేర్లు! ఎక్కే స్టేషన్ ఎలుక మనిషిది, దిగే స్టేషన్ కితారో అనే ఒంటికన్ను పిల్లాడిది. దిగాక చూస్తే వీధి దీపాలు కూడా కనుగుడ్డు ఆకారంలో ఉంటాయి. మన మన్యంలోని గూడెం కొత్తవీధిలో పొద్దుగూకాక దయ్యం మాటెత్తితే పెద్దవాళ్లు నోరు నొక్కేసేవారు. ఇక్కడ రైల్వే వాళ్లే టిక్కెట్టు కొట్టి మరీ దయ్యాల ఊరికి తీసుకెళ్తున్నారు. ఇదేం దేశమని ఆరా తీస్తే, ఈ సందడంతా మిజుకి షిగెరు అనే ఒక్క మనిషి చలవేనని తెలిసింది. ఆయన మాంగా చిత్రకారుడు. మాంగా అంటే బొమ్మల కథే గానీ, ఇక్కడ తల నెరిసినవాళ్లు కూడా సిగ్గుపడకుండా చదువుకుంటారు.

మిజుకి పుట్టింది 1922 మార్చిలో. ఆ ఏడాది గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఆగస్టులోనే అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడు. సెప్టెంబరులో మన దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్లదొరలు కూలారు. మన్యంలో పితూరీ రాజుకుంటుంటే, అక్కడ సకాయిమినాతోలో ఈ పిల్లాడు పాకుతున్నాడన్నమాట.

ఆ పిల్లాడికి చదువు చెప్పింది బడి కాదు, నోన్నోన్‌బా అని అందరూ పిలిచే ఒక పేద ముసలమ్మ. పూజలూ ప్రార్థనలూ చేసి, ఇళ్లల్లో చిన్నాచితకా పనులు చేసి పొట్టపోసుకునేది. ఇంటి పైకప్పు మీద మరక కనబడితే, అది రాత్రిపూట కప్పును నాకే దయ్యం పని అనేది. చీకటి దారిలో వెనక అడుగుల చప్పుడు వినబడితే అది బెతోబెతో సాన్ అని, భయపడక్కర్లేదని చెప్పేది. ఓ పక్కకు తప్పుకుని, ‘బెతోబెతో సాన్, ముందు మీరు వెళ్లండి’ అంటే చాలట, చప్పుడు ఆగిపోతుంది.

ఇదే పరిస్థితికి మా మామ్మ చెప్పిన రూలు మీకూ తెలిసిందే. వెనక్కి తిరగకు, పేరు పెట్టి ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలక్కు, గబగబా ఇంటికొచ్చి పడు. మనం దయ్యానికి దొరక్కూడదని చూస్తాం, వీళ్లు దారి వదులుతారు. దీనిమీద నేనొక పెద్ద సిద్ధాంతమే కట్టేశాను. లిఫ్టు దగ్గర ముందు మీరంటే ముందు మీరని తలుపులు మూసుకుపోయే దాకా వంగి నిలబడడం, రైలు తలుపు ముందు గీసిన గీత దాటకపోవడం, రద్దీలో భుజం తగిలితే తగిలించుకున్నవాడే క్షమాపణ చెప్పడం, ఇవన్నీ వీళ్లకు బెతోబెతో సాన్ నేర్పినవేనని! చీకట్లో కనబడనివాడికే దారి ఇవ్వడం అలవాటైన జాతికి, పగలు కనబడేవాడికి ఇవ్వడం ఏం కష్టం? జపాన్ మిత్రులు విని మర్యాదగా నవ్వి ఊరుకున్నారు.

చరిత్ర చదువుతూ పోతే నా సిద్ధాంతం కూలిపోయింది. దయ్యానికి పక్కకు జరిగిన ఈ దేశమే 1930లలో చైనాలో మనుషులకు పక్కకు జరగలేదు. తర్వాత పసిఫిక్ దీవుల దాకా తోసుకుంటూ పోయింది. ఆ తోపులాటలో మిజుకినీ 1943లో న్యూ బ్రిటన్ దీవిలోని రబౌల్‌కు పంపింది. ముందు కాపలాకు పంపిన చిన్న దళం మీద దాడి జరిగితే, మిగిలింది ఆయనొక్కడే. తుపాకీ పోగొట్టుకుని, అడవిలో రోజుల తరబడి నడిచి శిబిరానికి చేరితే, అందరూ పోయాక నువ్వెందుకు తిరిగొచ్చావని పైఅధికారి నిలదీశాడు. తర్వాత మలేరియా పట్టింది. మన్యం జ్వరం ఎరిగిన మనకు దాని సంగతి వేరే చెప్పాలా? ఆ జ్వరంతో పడి ఉండగానే విమానాలు బాంబులు వేశాయి. ఎడమ చేయి పోయింది.

ఆయన్ను మళ్లీ మనిషిని చేసింది అక్కడి తోలాయ్ తెగవాళ్లు. తిండి పెట్టారు, పౌలో అని పేరు పెట్టారు, ఇల్లు కట్టి పొలమిస్తాం ఉండిపొమ్మన్నారు. ఆయన ఉండిపోదామనే అనుకున్నాడు. సైనిక వైద్యుడు నచ్చజెప్పి ఇంటికి పంపాడు.

ఒంటిచేత్తో తిరిగొచ్చినవాడికి పని ఎవరిస్తారు? సైకిల్ మీద వీధివీధీ తిరుగుతూ పిల్లలకు మిఠాయిలమ్మి, బొమ్మల అట్టలు మారుస్తూ కథ చెప్పేవాళ్లు అప్పట్లో ఉండేవారు. వాళ్లకు ఆ అట్టలు గీసిచ్చాడు. ఆ ఆటను టీవీ మింగేస్తుంటే, అద్దె పుస్తకాల దుకాణాలకు కథలు గీశాడు. 1961లో పెళ్లిచూపులైన ఐదు రోజులకే పెళ్లయింది. కాపురం మాత్రం మగ్గిపోయి చవగ్గా వచ్చే అరటిపళ్లతో నడిచింది. నలభై దాటాకే రోజులు మారాయి. 1965లో పెద్ద వారపత్రికలో కితారో వచ్చాడు, 1968లో టీవీకెక్కాడు.

కితారో సమాధిలోంచి పుట్టిన పిల్లాడు. వాళ్ల నాన్న చచ్చిపోయి కనుగుడ్డుగా మిగిలాడు. ఆ కనుగుడ్డుకే చేతులూ కాళ్లూ ఉంటాయి, టీ గిన్నెలో వేణ్నీళ్లు పోసుకుని స్నానం చేస్తుంది. కితారో పాత్ర మిజుకి సొంత కల్పన కాదు, 1930ల వీధి బొమ్మల కథల్లోంచి వచ్చింది. మిగతా దయ్యాల్లో కొన్నిటికి 18వ శతాబ్దపు తొరియామా సెకియెన్ బొమ్మలు ఆధారం, కొన్ని జానపద పరిశోధకుడు యనగితా కునియో సేకరించినవి. మిజుకి ఏరుకొచ్చి వాటికి ఒళ్లిచ్చాడు.

ఆ ఒళ్లివ్వడంలోనే ఉంది ఆయన గొప్పతనం. ఒక పేజీ తెరవండి. చెట్టు బెరడు, కుళ్లిన దుంగ, వాన నీళ్లు నిలిచిన బాట, అన్నీ ఫొటోలా ఉంటాయి. వేల చుక్కలు పెట్టి పెట్టి నీడ తెస్తాడు. ఆ అడవి మధ్యలో మనిషి మాత్రం పిల్లలు పలక మీద గీసినట్టు రెండు చుక్కల కళ్లతో, వంకర పళ్లతో నిలబడి ఉంటాడు. అడవి శాశ్వతం, మనిషి చుట్టం. రబౌల్ అడవి పేజీలు చూస్తే నాకు మన సప్పర్ల దారి, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియం తీగ, కింద తడిసిన కాఫీ మొక్కలు కళ్లకు కడతాయి. ఆ పూట ఇక చదువు సాగదు.

అదే చేత్తో యుద్ధాన్నీ గీశాడు. 1973 నాటి పుస్తకంలో, మూకుమ్మడి చావుకు పంపిన దళంలో కొందరు బతికి బయటపడతారు. వీరమరణమని పైకి కబురు వెళ్లిపోయింది కాబట్టి, వాళ్లను మళ్లీ చావుకు పంపుతారు. అందులో తొంభై శాతం నిజమేనన్నాడాయన. ఆ తర్వాత షోవా చక్రవర్తి కాలపు దేశచరిత్రను ఎనిమిది సంపుటాల్లో గీశాడు. అందులో కథ చెప్పేది ఎవరనుకున్నారు? కితారో కథల్లోని, స్నానమంటే ఎరగని, అబద్ధాలకోరు ఎలుక మనిషి! దానికి 1989లో కోదాన్షా మాంగా బహుమతి ఇచ్చారు. నోన్నోన్‌బా పుస్తకానికి 2007లో ఫ్రాన్స్‌లోని ఆంగులేమ్‌లో ఉత్తమ ఆల్బమ్ బహుమతి వచ్చింది, ఒక మాంగాకు అది దక్కడం అదే మొదలు. తెజుకా లాంటి మాంగా దిగ్గజాలు రాత్రంతా మేలుకుని గీశామని గొప్పలు పోతే, మిజుకి కంటినిండా నిద్రపోయేవాడు. తెజుకా అరవైకి పోయాడు. ఈయన 2015 దాకా, 93 ఏళ్లు బతికాడు.

నాకు ఒక్క విషయం మింగుడుపడదు. తోలాయ్ పల్లెలను ఆయన స్వర్గంలా గీశాడు. వాళ్ల నేల మీద దండు దిగింది జపాన్ సైన్యమే కదా! లంబసింగి చలి చూడ్డానికి వచ్చి, మీరెంత అదృష్టవంతులండీ అని మనతో అనిపోయేవాళ్లు గుర్తొస్తారు. అయితే మిజుకి అనిపోయి మర్చిపోలేదు. 1971లో వెతుక్కుంటూ రబౌల్ వెళ్లాడు. తన స్నేహితుడు తొపెతోరోతో యాభై ఏళ్ల అనుబంధాన్ని పుస్తకంగా రాశాడు. అన్నం పెట్టిన ముసలమ్మ ఇకారియాన్‌ను పేరుతో సహా గీశాడు. కొండవాళ్లు అని గుంపుగా రాసి వదిలెయ్యలేదు. పితూరీలో నడిచినవాళ్లలో గాం గంటందొర, మల్లుదొర కాక ఇంకెన్ని పేర్లు మన పిల్లలకు తెలుసు? రాత్రిళ్లు దండుకు అన్నం మోసిన ఆడవాళ్లవి? మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వేసవిలో కూర్చోబెట్టి అడగండి. దయ్యాల పేర్లు కూడా చెబితే, వాటినీ రాసుకోండి.